కాటో ఎన్ స్కేల్ ఇంజన్లు: ఏళ్ల తరబడి తుడిచి, నడిపాక

టెక్సాస్‌లో మా ఇంట్లో ఒక గది గోడ వెంబడి ఎన్ స్కేల్ (చాలా చిన్న సైజు మోడల్ రైళ్ల) లేఅవుట్, అంటే పట్టాలు పరిచిన ఏర్పాటు, ఉంది. దాని మీద ఎక్కువగా తిరిగేవి రెండు ఇంజన్లు. ఒకటి అమెరికాలో ప్రయాణికుల రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ వారి పీ42, రెండోది గూడ్స్ రైళ్లు నడిపే బీఎన్ఎస్ఎఫ్ వారి ఈఎస్44ఏసీ. చికాగో నుంచి డాలస్, ఫోర్ట్‌వర్త్ మీదుగా శాన్ ఆంటోనియో వెళ్లే టెక్సస్ ఈగల్ రైలును ఏళ్ల తరబడి లాగింది పీ42 అని ఒకటి, బీఎన్ఎస్ఎఫ్ హెడ్డాఫీసు ఫోర్ట్‌వర్త్‌లోనే ఉందని ఇంకోటి కొన్నాను. రెండూ జపాన్ కంపెనీ కాటో చేసినవే. 1965లో సీ50 స్టీమ్ ఇంజన్‌తో జపాన్‌కు ఎన్ స్కేల్‌ను పరిచయం చేసింది కూడా ఈ కంపెనీయే. డబ్బా విప్పిన రోజు ఇంజన్ ఎలా ఉందో చెప్పే సమీక్షలు బోలెడున్నాయి కాబట్టి, ఏళ్లు గడిచాక ఎలా ఉంటుందో నేను రాస్తున్నాను.

మోటార్ల గురించి ఒక్కమాట: ఇప్పటికీ కొత్తవాటిలాగే నిశ్శబ్దంగా, నెమ్మదిగా కదులుతాయి. ఇంజన్ ఆగి ఆగి నడుస్తుంటే చాలామంది మోటారు పోయిందని టెన్షన్ పడతారు, లేదా పట్టాలు తోమడం మొదలుపెడతారు. నేనైతే ముందు చక్రాలు చూడమంటాను.

ఎన్ స్కేల్ అంటే అసలు రైల్లో 160వ వంతు. పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. అరచేతిలో ఇమిడే ఇంజన్‌కు బరువు తక్కువ కాబట్టి చక్రం పట్టాను గట్టిగా నొక్కదు. ఆ కాస్త ఆనిక మీదుగానే కరెంటు మోటారుకు చేరాలి. మధ్యలో దుమ్మో జిడ్డో అడ్డుపడితే కంటికి కనపడనంత చిన్న నిప్పురవ్వలు లేస్తాయి. వాటివల్ల నల్లటి మసి పేరుకుంటుంది. మసి పెరిగేకొద్దీ రవ్వలూ పెరుగుతాయి. హెడ్‌లైట్ మిణుకుమిణుకుమనడం దీనికి మొదటి గుర్తు. అప్పుడే తుడిస్తే పని చిటికెలో అయిపోతుంది. ఇంజన్ మొరాయించేదాకా ఆగితే మసి గట్టిపడి, గోకాల్సి వస్తుంది.

తుడవడానికి ప్రత్యేకమైన పరికరాలేమీ అక్కర్లేదు. పేపర్ టవల్‌ను పట్టీలా చించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి పట్టాలకు అడ్డంగా పరుస్తాను. ఇంజన్ రెండు కొసల్లో ఉండే చక్రాల ట్రక్కుల్లో ఒకటి టవల్ మీద, రెండోది వట్టి పట్టాల మీద ఉండేలా పెట్టి, వేళ్లతో కదలకుండా పట్టుకుని కంట్రోలర్ తిప్పుతాను. పట్టాల మీదున్న చక్రాలు కరెంటు అందుకుంటాయి, టవల్ మీదున్నవి అక్కడే తిరుగుతూ మురికి వదులుతాయి. ఇంజన్ ఎత్తి చూస్తే తెల్ల కాగితం మీద కాటుకతో గీసినట్టు రెండు నల్లటి గీతలు! టవల్ కొంచెం జరిపి మళ్లీ తిప్పితే గీత బూడిదరంగులోకి మారుతుంది, ఇంకోసారికి దాదాపు ఏమీ అంటదు. అప్పుడు ఇంజన్ అటుదిటు తిప్పి రెండో ట్రక్కు తుడుస్తాను. ఈఎస్44కు ఒక్కో ట్రక్కులో మూడేసి ఇరుసులుంటాయి. మధ్య ఇరుసు చక్రాలు టవల్‌కు సరిగా ఆనకపోతే ఇంజన్‌ను తలకిందులుగా మెత్తటి ఫోమ్ మీద పెట్టి, ఇయర్ బడ్‌తో విడిగా తుడవాలి. ఆల్కహాల్ పూర్తిగా ఆరాకే మళ్లీ పట్టాలెక్కించాలి.

ఇక్కడి మందుల షాపుల్లో ఆల్కహాల్ 70 శాతం, 91 శాతం అని రెండు రకాలు దొరుకుతుంది. 70 శాతం దాంట్లో మిగతాదంతా నీళ్లే, కాబట్టి 91 తీసుకోండి. ఇండియాలో ఉన్నవాళ్లు ఇది దొరకలేదని హ్యాండ్ శానిటైజర్‌తో సరిపెట్టుకోవద్దు. అందులో కలిపే గ్లిజరిన్ లాంటివి చక్రం మీద పొరలా మిగిలిపోతాయి. ఇంజన్ బాడీ మీద మాత్రం ఆల్కహాల్ చుక్క కూడా పడనివ్వకండి, రంగు, అక్షరాలు లేచిపోవచ్చు. ఇది ఇట్టే అంటుకుంటుంది కూడా, అందుకే కిటికీ తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని వాడాలి.

గరుకు రబ్బర్లు, ఉప్పుకాగితం వాడమని సలహా ఇచ్చేవాళ్లతో నేను ఎంతమాత్రం ఏకీభవించను. మొదటిరోజు అద్భుతంగా పనిచేసినట్టే ఉంటుంది. కానీ నికెల్ సిల్వర్ పట్టా మీద పడిన సన్నటి గీతలు పోవు, తర్వాత మురికి చేరి కూర్చునేది వాటిల్లోనే. చక్రాల విషయంలో ఇంకా అన్యాయం, పైనున్న పూత అరిగిపోతే మళ్లీ వేసేవాళ్లు లేరు. ఎంతో ఓపికగా తయారుచేసిన వస్తువును ఇలా గీకి పాడుచేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నూనెకు నేను వాడేది లాబెల్ 108. ప్లాస్టిక్‌ను తినని పల్చటి సింథటిక్ నూనె, సీసాకు సూదిమొన ఉంటుంది. ఆ మొన నుంచి కూడా నేరుగా వేయను. గుండుసూది కొసకు అంటినంత తీసుకుని మోటారు షాఫ్ట్ బేరింగుకు తాకిస్తాను. అంతే చాలు. ఇంజన్ కీచుమంటేనో, చాలాకాలం పెట్టెలో ఉండి బయటికొస్తేనో తప్ప నూనె జోలికి పోను. ఎక్కువైన నూనె ఎక్కడికీ పోదు, చక్రాల మీదికి, అక్కడినుంచి పట్టాల మీదికి చేరి దుమ్మును పట్టేస్తుంది. మోటారు కమ్యుటేటర్‌కు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చోటుకు) నూనె అస్సలు తగలకూడదు. తలుపు బందులకు కొట్టే స్ప్రేలు ఇంజన్ దరిదాపుల్లోకి కూడా రానివ్వకండి.

చక్రాలు అద్దంలా మెరుస్తున్నా ఇంజన్ తడబడుతుంటే అప్పుడు బాడీ విప్పాలి. స్క్రూలు ఉండవు, పక్కలను కొద్దిగా వెడల్పు చేస్తే ఊడొస్తుంది. ఈఎస్44 హ్యాండ్‌రెయిల్స్ వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి కాబట్టి వాటిని పట్టుకుని లాగకండి, అడుగునుంచి పట్టుకోండి. లోపల ట్రక్కుల నుంచి మోటారుకు కరెంటు మోసే రాగి పట్టీలు కనిపిస్తాయి. అవి కాలక్రమంలో గోధుమరంగుకు తిరుగుతాయి. ట్రక్కు ఆనే చోట ఆల్కహాల్ అద్దిన ఇయర్ బడ్‌తో తుడిస్తే మళ్లీ రాగిరంగు తేలుతుంది. విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీసుకుంటే ఏ ముక్క ఏ వైపుదో వెతుక్కునే పని ఉండదు.

పట్టాలకు పెద్ద తతంగం లేదు. మినరల్ స్పిరిట్స్‌తో (పెయింట్ పల్చన చేసే ద్రవంతో) తడిపిన గుడ్డ పెట్టి తుడుస్తాను, ఆల్కహాల్ కంటే ఎక్కువకాలం శుభ్రంగా ఉంటున్నాయి. కరెంటు బాగా అందుతుందని పట్టా లోపలి అంచున 4బీ పెన్సిల్ ఒకసారి పలచగా రాసేవాళ్లున్నారు. చదునైన చోట పర్వాలేదు, ఎత్తెక్కే చోట రాస్తే చక్రాలు జారతాయి. గూడ్స్ వ్యాగన్లకు ప్లాస్టిక్ చక్రాలుంటే తీసేసి లోహపువి వేయించండి. ప్లాస్టిక్ చక్రాలు మురికిని అంటించుకుని లేఅవుట్ అంతా పూస్తాయి, అప్పుడు ఇంజన్ ఎంత తుడిచినా వారం తిరగకుండా హెడ్‌లైట్ మళ్లీ మిణుకుమంటుంది.