నిద్ర మానిపించి తీసే ఈఈజీ: కాకినాడ సెంటర్ ఎలా ఉందంటే

పొద్దున్న లేచిన గంటలోపే ఫిట్స్ వచ్చే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఈ రివ్యూ కాస్త ఓపిగ్గా చదవండి. కాకినాడలో ఒక న్యూరో డయాగ్నస్టిక్ సెంటర్ గురించి రాస్తున్నా, ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు పెట్టను.

వెళ్లింది మా మేనల్లుడి కోసం. ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్. రాత్రి పదకొండున్నర దాకా స్టడీ అవర్, తెల్లారి నాలుగున్నరకి మళ్లీ లేపేస్తారు. కొన్నాళ్లుగా పళ్లు తోముకుంటుంటే చెయ్యి ఉన్నట్టుండి ఎగిరి బ్రష్ జారిపోతోంది. కనుమ రోజు ప్రభల తీర్థం తిరిగొచ్చి, చుట్టాలతో కబుర్లాడి ఏ రెండింటికో పడుకున్నాడు, పొద్దున్న లేవగానే పెద్ద ఫిట్ వచ్చింది. మధ్యాహ్నం పూట తీయించిన మామూలు ఈఈజీ (తలకి తీగలు అంటించి మెదడులోని విద్యుత్తును గీతలుగా తీసే పరీక్ష) నార్మల్. మా చెల్లి దేవుడికి దణ్ణం పెట్టేసుకుంది గానీ డాక్టరు గారు "ఈఈజీ నార్మల్ అంటే మూర్ఛ లేదని కాదమ్మా, నిద్ర మానిపించి ఇంకోటి తీయించండి" అన్నారు.

ఎందుకో ఆయన చెప్పిందీ నేను చదివిందీ కలిపి రాస్తా. మెదడు అడుగున, రెండు కంటి నరాలు కలిసే చోటుకి సరిగ్గా పైన, సుమారు 20,000 నాడీకణాలున్న చిన్న కేంద్రం ఉంది. కంట్లో పడే వెలుతురును బట్టి ఒంటికి పగలూ రాత్రీ తెలిపే గడియారం అదే. నిద్ర, ఒంటి వేడి, హార్మోన్లు దాని టైముకే నడుస్తాయి. ఈ గడియారం కణం లోపల ఎలా తిరుగుతుందో కనిపెట్టిన ముగ్గురికి 2017లో నోబెల్ ఇచ్చారు. ఫిట్స్ కూడా చాలామందిలో ఈ టైము ప్రకారమే వస్తాయి, 19వ శతాబ్దం చివర్లోనే లండన్ డాక్టరు విలియం గోవర్స్ తన రోగుల్లో కొందరికి పగలే, కొందరికి రాత్రే వస్తున్నాయని గమనించాడు. మెదడు ముందు భాగంలో పుట్టేవి ఎక్కువగా నిద్రలో వస్తాయి, కణతల వైపు పుట్టేవి ఎక్కువగా మెలకువలో, అందులోనూ మధ్యాహ్నం పూట. టీనేజీలో మొదలయ్యే జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అనే మూర్ఛ రకం అయితే పొద్దున్న లేవగానే, నిద్ర చాలకపోతే మరీనూ. అందుకే మధ్యాహ్నం పరీక్షలో దొరకనిది నిద్ర మానిపించి తీస్తే దొరకొచ్చు. ఏ రకమో తేలకపోతే మాత్ర తప్పుతుంది. వేరే రకాలకి బాగా పనిచేసే కార్బమజెపీన్ ఈ రకంలో ఆ చేతుల కుదుపుల్ని ఇంకా పెంచగలదు.

మా ఊళ్లో పెద్దవాళ్లు అమావాస్యకే వస్తాయంటారు. మూర్ఛ రోగుల మెదడులో అమర్చిన పరికరాల రికార్డులు నెలల తరబడి పరిశీలించి 2018లో తేల్చిందేంటంటే, రోజువారీ లయ కాకుండా చాలామందికి 20-30 రోజుల లయ లాంటిది కూడా ఉంటుంది, అయితే అది ఎవరిది వారిదే, అందరికీ ఒకే తిథికి రాదు. కాబట్టి తేదీ, టైము రాసిపెట్టండి, తాయెత్తు అక్కర్లేదు.

ఇక సెంటర్ సంగతి. అపాయింట్‌మెంట్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న "ఫిట్స్ ఏ టైముకి వస్తున్నాయండి?" అని. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. తలంటుకుని రండి, కొబ్బరినూనె చుక్క కూడా రాయొద్దు, ఒంటిగంట దాటాక పడుకోబెట్టి నాలుగింటికి లేపండి, కాఫీ టీలు వద్దు, మాత్రలు వాడుతుంటే డాక్టరు చెప్పకుండా ఆపొద్దు, నిద్ర చాలక ఫిట్ రావచ్చు కాబట్టి పక్కనే ఒకరు ఉండండి అని వివరంగా చెప్పింది. అమలాపురం నుంచి కారు కిటికీలు దించుకునే వెళ్లాం. ఎదుర్లంక వంతెన మీద అంత గోదారి గాలి కొడుతున్నా వాడి కళ్లు మూతలు పడిపోతుంటే, కాకినాడ చేరేదాకా క్రికెట్ గురించి మాట్లాడిస్తూనే ఉన్నాను.

టెక్నీషియన్ బంగారం లాంటి మనిషి. తలకి ఇరవై పైచిలుకు తీగలు అంటించి, మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదలమని, లైట్లు మెరిపించి, తర్వాత గది చీకటి చేసి పడుకోమన్నారు. నిద్ర పట్టిన కాసేపటికి లేపారు, లేపాక రికార్డింగ్ ఆపలేదు. "లేచిన తర్వాతదే మనకి ముఖ్యమండి" అన్నారాయన. అన్నట్టే అప్పుడు వాడి చెయ్యి ఎగిరింది, ఆ క్షణానే తెర మీద ముళ్ల లాంటి గీతలు గుంపులుగా కనిపించాయి. మధ్యాహ్నం తీసినదాంట్లో ఇవేమీ లేవు. వెయిటింగ్ హాల్లో తెలుగులో పెద్ద బోర్డు కూడా పెట్టారు: ఫిట్ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు, పక్కకి తిప్పండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి అని. ఇది ప్రతి ఊళ్లోనూ ఉండాల్సిన బోర్డు.

ఫిర్యాదు ఏంటంటే, ఏడున్నరకి రమ్మని తొమ్మిది దాకా కుర్చీలో కూర్చోబెట్టారు. రాత్రి సరిగ్గా నిద్ర లేని పిల్లాడు అక్కడే నిద్రపోతే పరీక్ష చెడిపోతుంది, ఆ సంగతి మనకి చెప్పిందే వాళ్లు! కౌంటర్లో అడిగితే "సీరియల్ ప్రకారమేనండి" అన్నారు. మామూలు స్కానింగులకీ దీనికీ ఒకటే సీరియల్ పెట్టడం అన్యాయం, దూరం నుంచి వచ్చేవాళ్లు పడే టెన్షన్ వాళ్లకి అర్థం కావాలి. పైగా తీగలు అంటించిన పేస్టు కడుక్కోడానికి చోటు లేదు. ఖర్చు మామూలు ఈఈజీకి దాదాపు రెట్టింపు అయింది, దానికి మాత్రం నేను బాధపడను.

రిపోర్టు చూసి డాక్టరు గారు లెవెటిరాసెటం మొదలుపెట్టారు. ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి ఏడు గంటలు చాలు, అందుకే పన్నెండు గంటల తేడాతో రెండు పూటలా వేసుకోవాలి, రాత్రి మాత్ర మర్చిపోతే పొద్దున్నే ప్రమాదం. హాస్టల్ మాన్పించాం, పదింటికల్లా పడుకుంటున్నాడు. ఒంటరిగా కాలవలో స్నానం, బైకు తోలడం ప్రస్తుతానికి బంద్. చెయ్యి ఎగరడం బాగా తగ్గింది.

ఐదుకి నాలుగు ఇస్తాను. మీరు వెళ్తే రోజులో మొదటి స్లాటే అడగండి, ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి ఖాయం చేసుకోండి, తువ్వాలు పట్టుకెళ్లండి. రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి, రేపు ఇంకో న్యూరాలజిస్టుకి చూపించాల్సి వస్తే ఆ గీతలు ఆయనే స్వయంగా చూసుకుంటారు.