ఉస్మానియా నంబర్ల రివ్యూ: 3 లక్షల మందిలో మా చెల్లి కూర్చునే క్లాసు ఎక్కడ?

మా బాబాయి కూతురు ఎంఎస్‌సీఎస్ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్) గ్రూపుతో డిగ్రీ అయిపోయి ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేస్తానంటోంది, పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాస్తుంది, ఫస్ట్ ఆప్షన్ ఉస్మానియా యూనివర్సిటీ, అదే ఓయూ. బాబాయికేమో ఇంటి దగ్గర్లోని ఒక ప్రైవేట్ కాలేజీ బ్రోచర్ నచ్చింది, గ్లాసీ పేపరు, మొదటి పేజీలోనే హైయెస్ట్ ప్యాకేజీ ఇంత అని పెద్ద అక్షరాలు. నువ్వు జర రెండూ చూసి చెప్పరా అని నాకు అప్పజెప్పారు. బ్రోచర్ సంగతి 2 నిమిషాల్లో తేలిపోయింది, ఆ ఒక్క ప్యాకేజీ తప్ప అందులో ఇంకో అంకె లేదు. ఓయూది మాత్రం 3 రాత్రులు పట్టింది. ఆ 3 రాత్రులు చూసిన దాని మీదే ఈ రివ్యూ, క్యాంపస్ బాగుందా బాలేదా అని కాదు, ఓయూ గురించి బయట దొరికే అంకెలు ఎంతవరకు పనికొస్తాయి అని.

ముందు ప్రొఫైల్. ఎక్కడ చూసినా ఒకటే పాట, 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో పుట్టింది, 1919లో గన్‌ఫౌండ్రీలో 225 మంది స్టూడెంట్స్‌, 25 మంది లెక్చరర్లతో క్లాసులు మొదలయ్యాయి, ఉర్దూ మీడియం, ఆర్ట్స్ కాలేజీ బిల్డింగుకి బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ ప్లాన్, 1939లో ఓపెనింగ్. పీవీ నరసింహారావు, శంతను నారాయణ్ ఇక్కడే చదివారు. 2017లో కాలేజీలకి గ్రేడ్లిచ్చే నాక్ వాళ్లు ఏ ప్లస్ ఇచ్చారు. ఆ తర్వాత వచ్చే లైను, 3 లక్షలకు పైగా స్టూడెంట్స్.

ఈ చివరి లైను దగ్గరే మా చెల్లి ఆగింది. స్టాట్స్ పిల్ల కదా, మొదటి ప్రశ్న అదే, "అన్నా, 3 లక్షల మంది తార్నాక క్యాంపస్‌లో పడతారా?" పట్టరు కదా. ఆ లెక్కలో క్యాంపస్ కాలేజీలున్నాయి, నిజాం కాలేజీ, సైఫాబాద్, సికింద్రాబాద్ పీజీ కాలేజీలున్నాయి, వీటన్నిటికన్నా ఎక్కువగా అఫిలియేటెడ్ కాలేజీలున్నాయి. అంటే మీ వీధి చివర మూడో అంతస్తులో కింద మెడికల్ షాపు పైన బోర్డు పెట్టుకున్న డిగ్రీ కాలేజీ స్టూడెంట్ కూడా ఓయూ లెక్కే. పరీక్ష పెట్టేది, సర్టిఫికెట్ ఇచ్చేది ఓయూ కాబట్టి అది అబద్ధం కాదు, కానీ అడ్మిషన్ తీసుకునేవాళ్లకి ఆ నంబరు దేనికీ పనికిరాదు.

అందుకే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీతో పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. గచ్చిబౌలిది 1974లో పెట్టిన కేంద్ర విశ్వవిద్యాలయం, డబ్బులు ఢిల్లీ నుంచి వస్తాయి, అఫిలియేటెడ్ కాలేజీల గొడవే లేదు, స్టూడెంట్స్ వేలల్లో. ఓయూకి రాష్ట్ర ప్రభుత్వం గ్రాంటే ఆధారం, పైగా వందల కాలేజీల పరీక్షలు, పేపర్లు దిద్దించడం, రీవాల్యుయేషన్లు నెత్తి మీద. రెండూ యూనివర్సిటీలే, కానీ ఒకటి ఇల్లు, ఇంకోటి కాలనీ అసోసియేషన్ ఆఫీసు కూడా నడుపుతున్న ఇల్లు.

ఇంకో తిరకాసు ఏంటంటే ఆ కాలనీ సైజు కూడా మారుతూ వచ్చింది. ఒకప్పుడు తెలంగాణ మొత్తం ఓయూ కిందే. 1976లో వరంగల్‌లో కాకతీయ విడిపోయింది, తర్వాత నిజామాబాద్‌ వైపు తెలంగాణ యూనివర్సిటీ, నల్గొండకి మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌కి పాలమూరు వచ్చాయి. మొన్న మొన్నటిదాకా ఓయూ సొంత (కాన్‌స్టిట్యుయెంట్) కాలేజీ అయిన కోఠి ఉమెన్స్ కాలేజీ 2022లో సొంతంగా మహిళా యూనివర్సిటీ అయింది. కాబట్టి పాత సంవత్సరం లెక్కా కొత్త లెక్కా పక్కన పెట్టి "చూశారా, ఓయూలో అమ్మాయిలు తగ్గిపోయారు" అని ఎవరైనా గ్రాఫ్ గీస్తే నమ్మకండి, కోఠి కాలేజీ ఆ లెక్కలో ఉందా లేదా అని ముందు అడగండి.

ప్రొఫైల్ పేజీకి నా రేటింగ్ 5కి 2. చరిత్రకి ఒకటి, బిల్డింగ్ ఫొటోకి ఒకటి.

అసలు సరుకు ఎన్ఐఆర్ఎఫ్, అంటే కేంద్రం యూనివర్సిటీలకి ఏటా ఇచ్చే ర్యాంకింగ్, దాని పీడీఎఫ్‌లో ఉంది. చాలామంది ర్యాంకు చూసి వదిలేస్తారు, టీవీలో స్క్రోలింగ్ వస్తుంది, ర్యాంకు పెరిగింది పడిపోయింది అని లొల్లి, అంతే. ర్యాంకింగ్ సైటులో ర్యాంకు వచ్చిన యూనివర్సిటీ పేరు దగ్గర ఆ యూనివర్సిటీ వాళ్లే ఇచ్చిన డేటా పీడీఎఫ్‌గా పెడతారు, అది ఓపెన్ చేసే వాళ్లు తక్కువ. పైసా ఖర్చు లేదు, లాగిన్ లేదు, ఓటీపీ లేదు, ఈ రోజుల్లో అదే ఒక వింత. ఒక్క జాగ్రత్త, ర్యాంకు ఏ సంవత్సరం పేరుతో వచ్చినా లోపల డేటా అంతకు ముందు విద్యా సంవత్సరాలది, ఇవాళ్టి పరిస్థితి అనుకుని చదవకూడదు.

లోపల మొదటి టేబుల్ శాంక్షన్డ్ ఇన్‌టేక్, ఎన్ని సీట్లకి పర్మిషన్ ఉందో. రెండోది నిజంగా ఎంతమంది చదువుతున్నారో. అక్కడ మగపిల్లలు, ఆడపిల్లలు, సొంత రాష్ట్రం, బయటి రాష్ట్రాలు, బయటి దేశాలు, ఆర్థికంగా వెనకబడినవాళ్లు, ఎస్సీ ఎస్టీ బీసీలు అని విడివిడిగా కాలమ్స్‌. దాని తర్వాత వచ్చే కాలమ్ నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది, పూర్తి ట్యూషన్ ఫీజు ప్రభుత్వం నుంచి రీయింబర్స్ అవుతున్నవాళ్లు ఎంతమంది, యూనివర్సిటీ సొంత డబ్బుతో ఎంతమంది, పూర్తి ఫీజు వెనక్కి రానివాళ్లు ఎంతమంది. ప్రభుత్వ యూనివర్సిటీ అంటే ఏంటో ఒక్క వరుసలో తెలిసేది అక్కడే. బ్రోచర్ పట్టుకున్న బాబాయికి ఈ కాలమ్ చూపించా. ఆయన కళ్లజోడు సర్దుకుని, "అంటే ఇక్కడ పిల్లలు మనలాంటి ఇళ్ల నుంచే వస్తారన్నమాట" అన్నారు. 3 రాత్రుల్లో నేను చెప్పలేకపోయింది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు.

ప్లేస్‌మెంట్ టేబుల్ దగ్గర మాత్రం నెమ్మదిగా చదవాలి. ఎంతమంది చేరారు, టైముకి ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మీడియన్ జీతం (జీతాలన్నీ వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది), ఎంతమంది పైచదువులకి వెళ్లారు, ఇదీ వరస. అందరూ మీడియన్ జీతం మీద పడతారు. ఊరికే ఉదాహరణకి చెప్తున్నా, 100 మంది చేరి 60 మంది టైముకి పాసై అందులో 10 మందికే క్యాంపస్ ఉద్యోగం వచ్చిందనుకోండి, ఆ మీడియన్ ఆ 10 మందిది, మిగతా 90 మంది సంగతి అందులో లేదు. 10 మందికీ మంచి జీతాలొస్తే మీడియన్ ధగధగలాడుతుంది. మా చెల్లి దీనికి పెట్టిన పేరు "డినామినేటర్ మాయం", అంటే మొత్తం ఎంతమందిలో అన్న కింది అంకె కనపడకపోవడం. బ్రోచర్ హైయెస్ట్ ప్యాకేజీ కన్నా ఇది వెయ్యి రెట్లు నయమే, కనీసం ఇక్కడ డినామినేటర్ పక్క కాలమ్‌లోనే ఉంది, మనం చూడాలి అంతే. ఇంకోటి, క్యాంపస్ డ్రైవ్‌లో కాకుండా గ్రూప్స్‌ రాసి, డీఎస్సీ రాసి, నెట్ కొట్టి సెటిలైనవాళ్లు ఈ టేబుల్‌లో ఎంతవరకు కనపడతారు? ఓయూ లైబ్రరీలో తెల్లారేసరికి సీటు పట్టుకునే వాళ్లలో సగం మంది ప్లేస్‌మెంట్ సెల్ మొహం చూసుండరు, వాళ్ల లెక్క 2, 3 ఏళ్ల తర్వాత తేలుతుంది, అప్పటికి టేబుల్ క్లోజ్.

యూనివర్సిటీ ఎన్ఐఆర్ఎఫ్‌కి ఇచ్చే ఫ్యాకల్టీ లిస్టు. ఇది తెరిస్తే కొంచెం మనసు పాడవుతుంది. ఒక్కొక్కరి పేరు, వయసు, హోదా, చదువు, అనుభవం నెలల్లో, ఉద్యోగం రెగ్యులరా కాంట్రాక్టా అన్నీ ఉంటాయి. ఓయూలో శాంక్షన్ అయిన టీచింగ్ పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ అని పేపర్లలో ఏళ్ల తరబడి వస్తూనే ఉంది, ఏ ప్రభుత్వం వచ్చినా భర్తీ చేస్తామనే అంటుంది. ఎన్ఐఆర్ఎఫ్ రూల్ ప్రకారం రెండు సెమిస్టర్లూ ఫుల్ టైమ్ పాఠం చెప్పిన కాంట్రాక్ట్ వాళ్లు కూడా లెక్కలోకి వస్తారు, కాబట్టి మొత్తం సంఖ్య చూస్తే ఫర్వాలేదే అనిపిస్తుంది. మొత్తం చూడకండి, రెగ్యులర్ అన్నవి ఎన్నో చేత్తో లెక్కపెట్టండి, తర్వాత వయసు కాలమ్ చూసి 55 దాటినవాళ్లు ఎంతమందో కూడా. మా చెల్లి ఎక్సెల్‌లో వేసి ఫిల్టర్ పెట్టి చూసింది. చూసి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నేను పీహెచ్‌డీ చేసే టైముకి గైడ్ ఎవరుంటారు అన్నా" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

ర్యాంకు మార్కుల పద్ధతి మీద నాకో కంప్లైంట్ ఉంది, ఓయూ మీద కాదు. 100లో టీచింగ్‌కి 30, రీసెర్చ్‌కి 30, గ్రాడ్యుయేషన్ అవుట్‌కమ్స్‌కి 20, అవుట్‌రీచ్‌కి 10, పర్సెప్షన్‌కి 10. ఆ అవుట్‌రీచ్‌లో బయటి రాష్ట్రాల పిల్లలు ఎంతమంది ఉంటే అంత మంచిది. ఇక్కడేమో రాజ్యాంగంలోని ఆర్టికల్ 371డి కింద 1974 ప్రెసిడెన్షియల్ ఆర్డర్ పుణ్యమా అని 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే, అది ఈ ప్రాంతం వాళ్లు కొట్లాడి తెచ్చుకున్న హక్కు. ఒక చేత్తో చట్టం మీ పిల్లలకే ఇవ్వండి అంటుంది, ఇంకో చేత్తో ర్యాంకు పక్క రాష్ట్రం పిల్లలు లేరేం అని మార్కులు కోస్తుంది. రాష్ట్ర యూనివర్సిటీ ఏ పని కోసం పుట్టిందో ఆ పనికే ఫైన్ వేసినట్టుంది. 2024 నుంచి స్టేట్ పబ్లిక్ యూనివర్సిటీలకి విడిగా ఒక కేటగిరీ పెట్టారు, అది మంచి పని, పోల్చాలంటే ఆ లిస్టులోనే పోల్చండి. పర్సెప్షన్ అంటే పదిమంది ఏమనుకుంటున్నారో అని, దాని గురించి చెప్పేదేం లేదు.

పీడీఎఫ్‌కి 5కి మూడున్నర. డేటా నిజాయితీగా మనముందు పెడుతున్నందుకు 4 ఇవ్వొచ్చు, కానీ ఇచ్చింది యూనివర్సిటీనే, ఫోన్‌లో ఆ టేబుల్స్‌ తెరిస్తే కాలమ్ పేర్లు చీమల్లా కనపడతాయి, ఏ డిపార్టుమెంటుకి ఎంత అనేది విడిగా లేదు. యూజీ 3 ఏళ్లది, పీజీ 2 ఏళ్లది అని కోర్సు కాలాన్ని బట్టి అన్నీ కలిపేస్తారు, స్టాటిస్టిక్స్, తెలుగు, జియోఫిజిక్స్ ఒకే గంపలో. మా చెల్లికి కావాల్సింది స్టాట్స్ డిపార్టుమెంటులో ఎంతమంది సార్లున్నారు, మొన్న పాసైన బ్యాచ్ ఎక్కడుంది అని. అది కనుక్కోవాలంటే ఇంకా పాత పద్ధతే, క్యాంపస్‌కి వెళ్లి సెకండియర్ వాళ్లని క్యాంటీన్ దగ్గర పట్టుకోవడం.

వెళ్లాం కూడా. ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో దిగాం, యూనివర్సిటీ కాలేజీ పేరుతో ఒక రైల్వే స్టేషన్ ఉండటం ఏ పీడీఎఫ్‌లోనూ కాలమ్ కాదు. ఇంకో వైపు తార్నాక, హబ్సిగూడ మెట్రో స్టేషన్లు. ఊరి మధ్యలో ఇంత పెద్ద క్యాంపస్ అంటే పొద్దున వాకర్లు, సాయంత్రం ఫొటోషూట్లు, మధ్యాహ్నం ఏదో ఒక డిమాండ్ మీద ధర్నా, లోపలి రోడ్ల మీద ఊరి ట్రాఫిక్, అన్నీ ఉంటాయి. నిజామాబాద్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి మా చెల్లితో అరగంట మాట్లాడింది. క్లాసులెలా ఉంటాయి, ఏ సార్ బాగా చెప్తారు, స్టాట్స్ సాఫ్ట్‌వేర్లలో ఆర్ (R) ఎవరు నేర్పిస్తారు, ఎస్ఏఎస్ (SAS) సొంతంగా నేర్చుకోవాలా, పార్ట్ టైమ్ ట్యూషన్లు దొరుకుతాయా, మెస్ బిల్లు నెలకెంత. 3 రాత్రుల పీడీఎఫ్ కన్నా ఆ అరగంటే ఎక్కువ పనిచేసింది, కాకపోతే పీడీఎఫ్ చదివి వెళ్లాం కాబట్టే ఏం అడగాలో తెలిసింది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో మా చెల్లి నోట్‌బుక్ తీసి ఒక టేబుల్ గీసుకుంది. హాస్టల్ సీట్లు ఎన్ని, అడిగినవాళ్లు ఎంతమంది, రెగ్యులర్ సార్లు, కాంట్రాక్ట్ సార్లు, పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్లు, ఇప్పుడు ఎవరెక్కడున్నారు. సగం గళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆ అమ్మాయి నంబర్ తీసుకున్నా అన్నా, రేపటికి నింపేస్తా అంది.