పాత ఎయిర్ రైఫిల్ చెక్కకు అవిసె నూనా, పీయూ (పాలీయురెథేన్) పాలిషా?

ఏది పూసినా ముందు లోపల పెల్లెట్ లేదని చూసుకుని, స్క్రూలు విప్పి ఇనుప భాగాన్ని చెక్క నుంచి వేరు చేయాలి. పాత వార్నిష్‌ను 120, 240, 320 నంబరు శాండ్ పేపర్‌లతో వరసగా, చెక్క చార వెంబడే తీయాలి. అడ్డంగా రుద్దిన గీత పాలిష్ పడ్డాకే బయటపడుతుంది, అప్పుడు మళ్లీ మొదటికే.

ఖర్చు: నూనె 100 మిల్లీలీటర్లు చాలు. పీయూకు హార్డెనర్ (అందులో కలిపే గట్టిపరిచే ద్రవం) కూడా కొనాలి. కలిపింది ఆ పూటే వాడేయాలి.

శ్రమ: పీయూ మూడు పూతల్లో అయిపోతుంది. ‘బాయిల్డ్’ పేరుతో అమ్మే అవిసె నూనె ఐదారు పూతలు, పూతకూ పూతకూ ఒక రోజు. పూసిన పావుగంటకు తుడిచేయకపోతే జిగట కట్టి అరచేతికి అంటుకుంటుంది.

ముప్పు: విశాఖ వానాకాలం తేమలో పూస్తే పీయూ తెల్లగా పాలిపోవచ్చు. నూనె గుడ్డను ఉండచుట్టి పడేస్తే దానంతటదే రాజుకోవచ్చు. తడిపి, ఆరుబయట పరిచి ఆరబెట్టాలి.

గీత పడితే: నూనెకు అక్కడికక్కడే రుద్ది పూస్తే సరి. పీయూకు అతుకు కనబడుతుంది.

బీచ్ రోడ్డు ఉప్పుగాలి తగిలే ఇంట్లో పీయూనే నయం, ఇనుప భాగం కూర్చునే లోపలి గాడికీ స్క్రూ రంధ్రాలకూ కూడా పూస్తేనే. చార అందంగా ఉన్న అక్రోటు చెక్క, ఏటా ఒక పూత వేసే ఓపిక ఉంటే నూనె.