లిబ్రెఆఫీస్‌తో నాలుగేళ్లు: పీడీఎఫ్ సైజు తగ్గించే ఆ ఒక్క పని కోసం

దేవరకొండలో మాది చిన్న జిరాక్సు, ఆన్‌లైన్ షాపు. లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో ఉత్తరం ఎలా టైపు చేయాలో, ఎక్సెల్ ఫైలు తెరుచుకుంటుందో లేదో నేను చెప్పను, అవి అందరికీ తెలిసినవే. నేను రాసేదంతా దాంట్లోని పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్, అంటే ఫైలును పీడీఎఫ్‌గా మార్చి ఇచ్చే పని గురించే.

నిజానికి నేను దీన్ని ఇష్టపడి పెట్టుకోలేదు. ఆఫర్‌లో మోసపోయి వచ్చాను. 499 రూపాయలకే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కీ, జీవితాంతం పనిచేస్తుందని ఆన్‌లైన్‌లో కనిపిస్తే కొన్నాను. ఎనిమిది నెలలకు స్క్రీన్ మీద ‘మీ కాపీ అసలైనది కాదు’ అని ఎర్రగీత వచ్చింది. జీవితాంతం అంటే ఎవరి జీవితమో ముందే అడగాల్సింది. అమ్మినవాడి నంబరు కలవలేదు. ఆ కోపంలో లిబ్రెఆఫీస్ దించుకున్నాను.

మా షాపుకు వచ్చే పనిలో సగం దరఖాస్తులే. ప్రతి దరఖాస్తుకూ ఒక లెక్క: ఫొటో ఇన్ని కేబీల లోపు, కులం సర్టిఫికెట్ అన్ని కేబీల లోపు. మా స్కానర్ ఒక్క పేజీనే రెండు ఎంబీలు చేసి ఇస్తుంది. అందరిలాగే నేనూ పీడీఎఫ్ తగ్గించే ఉచిత వెబ్‌సైట్లకు ఎక్కించేవాణ్ని. జనం ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుబుక్కులు ఎవరి సర్వర్‌లోకి పోతున్నాయో ఆలోచించేంత తీరిక ఉండేది కాదు.

రెండేళ్ల కింద ఒక సాయంత్రం, స్కాలర్‌షిప్పుకు ఆఖరి రోజు. షాపులో పదిహేను మంది. డిండి వైపు తండా నుంచి ఒకాయన బిడ్డను తీసుకొచ్చాడు. ‘సారూ, ఇయ్యాల కాకపోతే పిల్లకు ఏడాది పోతది’ అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆ వెబ్‌సైట్ ఈరోజుకు ఉచిత కోటా అయిపోయింది, నెల చందా కట్టండి అంది. ఇంకో సైటు తెరిస్తే ప్రకటనల మీద ప్రకటనలు, డౌన్‌లోడ్ బటన్ ఏదో తెలియదు. వెనక నుంచి ‘అన్నా, నాదెప్పుడు?’ అని ఒకటే లొల్లి.

ఏం తోచక ఆ స్కాన్‌ను లిబ్రెఆఫీస్‌లోనే బొమ్మల పనికి ఉన్న డ్రాలో తెరిచాను. అప్పటిదాకా నేను టూల్‌బార్ మీది పీడీఎఫ్ బటనే నొక్కేవాణ్ని. అది ఏమీ అడగకుండా ఫైలు చేసిపెడుతుంది. ఆ రోజు టెన్షన్‌లో ఫైల్ మెనూలోకి పోయి ‘ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్’ నొక్కాను. అడిగింది! జేపెగ్ క్వాలిటీ (బొమ్మ నాణ్యత) 90, రిజల్యూషన్ 300 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అని ఉంది. 60, 150 అని మార్చి నొక్కాను. రెండు ఎంబీల ఫైలు 180 కేబీలైంది. అది కావాల్సిన లెక్కలోపే. నెట్ లేకుండా, ఎవరికీ ఎక్కించకుండా, మా కంప్యూటర్‌లోనే. రెండేళ్లు కళ్ల ముందే ఉన్నదాన్ని చూడనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ రాత్రి పదిన్నర దాకా పదిహేను మందివీ పంపాం. మా తమ్ముడు మధ్యలో మూడుసార్లు చాయ్ తెచ్చాడు.

ఆ తర్వాత నెల రోజులు దొరికినవాళ్లకల్లా దీన్ని పొగిడాను. కొండమల్లేపల్లిలో షాపున్న దోస్తుకు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఇప్పుడు ఆ పొగడ్తలో కొంత వెనక్కి తీసుకోవాలి. ఇంకొకాయన బిడ్డ దరఖాస్తుకు 100 కేబీల లోపే కావాలంటే నేను మొండిగా క్వాలిటీ 30, రిజల్యూషన్ 75 పెట్టాను. సైజు తగ్గింది. సర్టిఫికెట్ మీది సీల్ మాత్రం నీలం మరకయింది, నంబరు చదవలేం. దరఖాస్తు తిరిగొచ్చింది. ఆ తండ్రి కూలి వదులుకుని ఆటో కట్టుకుని మళ్లీ రావాల్సి వచ్చింది. నేను చార్జీ ఇస్తానంటే తీసుకోలేదు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, కానీ తగ్గించాక ఎలా కనిపిస్తుందో ముందే చూపిస్తే ఈ గోల ఉండేది కాదు. ఫైలు చేసి, తెరిచి, మనమే పెద్దగా చేసి చూసుకోవాలి. నూరు మంది నిలబడ్డప్పుడు ఎవరు చూస్తారు?

పెళ్లి కార్డులు, కరపత్రాలు మాత్రం ఇప్పటికీ పాత కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ అనే పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ మీదే. డీటీపీకి వాడే ‘అను’ తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లను ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి వస్తాయి, లిబ్రెఆఫీస్‌లోనూ అంతే. స్కూళ్లవాళ్లు వర్డ్‌లో చేసి పంపే ప్రశ్నపత్రాల్లో పట్టికలు అప్పుడప్పుడు పక్క పేజీలోకి జరుగుతాయి. సర్దితే సరిపోతుంది, కానీ ప్రశ్నపత్రం తెచ్చే సారు ఎప్పుడూ గంట ముందే వస్తాడు.

‘ఫ్రీ అంటే ఏదో ఒకరోజు పైసలు అడుగుతది గదా’ అని దోస్తు అనుమానం. నాకూ ఉండేది. ఓపెన్‌ఆఫీస్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి 2010లో విడిపోయినవాళ్లు ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టుకుని దీన్ని నడుపుతున్నారు. దించుకునేటప్పుడు విరాళం అడుగుతారు, ఇవ్వకపోయినా దిగుతుంది. షాపులో వాడుకున్నా లైసెన్సు గొడవ లేదు. నేను పోయిన దసరాకు మొదటిసారి కొంచెం పంపాను, 499 కంటే తక్కువే.

నాలాగా స్కాన్లు, దరఖాస్తులతో బతికేవాళ్లకు ఇది చాలు. డిజైన్ పనే ఎక్కువైతే, లేదా రోజూ వర్డ్ ఫైళ్లు అటూ ఇటూ తిరిగే ఆఫీసైతే నా మాట నమ్ముకోవద్దు, వారం వాడి చూసుకోండి. మా మానిటర్ కింద ఒక చీటీ అంటించి ఉంది: ‘150, 60. పంపే ముందు సీల్ చూడు.’ రాసింది మా తమ్ముడు, నాకోసమే.