మొరం కోతకు గేబియన్ పెట్టెలు: కొనేముందు తీగ చూడండి

హైదరాబాద్‌లో మణికొండ, ఖాజాగూడ, జూబ్లీహిల్స్ వాలు ప్లాట్లలో మట్టి కోసిన చోట కాంక్రీటు గోడకు బదులు గేబియన్ (రాళ్లు నింపి గోడగా పేర్చే తీగ వల పెట్టె) పెట్టవచ్చా అని అడిగేవాళ్ల కోసం ఈ సమీక్ష. చూసింది 2×1×1 మీటర్ల పెట్టె, 10×12 సెంటీమీటర్ల ఆరుపలకల కన్ను, జింకు పూత మీద పీవీసీ తొడుగు. మా మార్కు 5కి 4. ఆ ఒక్క మార్కు పెట్టెకి తగ్గలేదు, అందులో రాయి నింపే తీరుకు తగ్గింది.

ముందు గోడలు ఎందుకు పడతాయో చూడాలి. 3 మీటర్ల గోడను పొడి మొరం మీటరు పొడవుకు సుమారు 2.7 టన్నుల బలంతో తోస్తుంది. అదే మొరంలో పైదాకా నీళ్లు నిలిస్తే నీటి తోపుడే 4.5 టన్నులు, మట్టిది ఒకటిన్నర, మొత్తం 6. పైగా తడిసిన మొరానికి పట్టు సడలుతుంది. 2024 మేలో బాచుపల్లిలో భారీ వానకు రిటైనింగ్ గోడ (మట్టిని ఆపే గోడ) కూలి ఏడుగురు చనిపోయారు. కాంక్రీటు గోడకు వీప్ హోల్స్ (నీళ్లు బయటికి పోయే రంధ్రాలు) పెట్టినా, వాటి వెనక కంకర వేయకపోతే మట్టి చేరి మూసుకుపోతాయి. గేబియన్‌లో మూడోవంతు ఖాళీయే కాబట్టి నీళ్లు దారి వెతుక్కోవు, అలా వెళ్లిపోతాయి. దీన్ని కొనడానికి అసలు కారణం ఇదే. అందం తర్వాత.

షాపులో వెర్నియర్ (తీగ మందం కొలిచే సాధనం) పట్టుకుని చూడండి. అల్లిక తీగ 2.7 మిల్లీమీటర్లు, అంచు తీగ 3.4, కట్టుతీగ 2.2 ఉండాలి, పీవీసీ తొడుగు కాకుండా. భారత ప్రమాణం ఐఎస్ 16014 ప్రకారం చేసినట్టు టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. ఒక తీగ తెంపి లాగితే జంటమెలిక అల్లిక ఊడిపోదు. చైన్‌లింక్ ఫెన్సింగ్‌తో కుట్టిన లోకల్ పెట్టె మాత్రం పోగు పోగుగా విడిపోతుంది. అది వద్దు. వెల్డెడ్ మెష్ పెట్టెలు చూడ్డానికి నీటుగా ఉంటాయి, తోట అరుగుకు సరే. పునాది కాస్త కుంగితే వెల్డింగులు పట్టు వదిలేస్తాయి కాబట్టి మట్టి ఆపడానికి మేము సూచించం.

రాయికి హైదరాబాద్‌లో కరువు లేదు. 150–250 మిల్లీమీటర్ల గట్టి గ్రానైటు కావాలి, చేత్తో నలిపితే రాలే కుళ్లు రాయి కాదు. ఒక పెట్టెకు దాదాపు మూడున్నర టన్నులు పడుతుంది. టిప్పర్‌తో గుమ్మరిస్తే ముందు ముఖం ఉబ్బుతుంది, ఆ ఉబ్బు తర్వాత ఎవరూ సరిచేయలేరు. ముఖం వైపు రాళ్లు చేత్తో పేర్చాలి. మూడోవంతు నిండాక ఒకసారి, మూడింట రెండొంతులకు మరోసారి ముందు, వెనక వలలను తీగతో అడ్డంగా బిగించాలి. మూత వేసేముందు పెట్టె అంచు కంటే 25–50 మిల్లీమీటర్లు ఎక్కువే నింపండి, రాయి సర్దుకుంటుంది. పక్క పెట్టెతో అంచులు కుట్టకుండా వదిలేస్తే అది గోడ కాదు, రాళ్ల మూటల వరస.

3 మీటర్ల ఎత్తుకు అడుగు వరస 2 మీటర్ల వెడల్పు, పైకి పోతూ ఒకటిన్నర, ఒకటి. గోడ మొత్తం మట్టి వైపుకు 6 డిగ్రీలు వాలాలి. వెనక నాన్‌వోవెన్ జియోటెక్స్‌టైల్ (నీళ్లు వదిలి మట్టిని ఆపే గుడ్డ) తప్పనిసరి. అది లేకపోతే మొరంలోని సన్న మట్టి రాళ్ల సందుల్లోంచి కారిపోయి పైన పార్కింగ్ కుంగుతుంది. బ్యాక్‌ఫిల్‌కు (గోడ వెనక నింపే మట్టికి) నల్లరేగడి వాడకండి, తడిస్తే ఉబ్బి గోడను తోస్తుంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. కొన్ని చోట్ల మొరం కింద నున్నటి షీట్ రాక్ (పలకలా పరుచుకున్న బండ) వాలుగా ఉంటుంది. దాని మీద నేరుగా పెట్టెలు పేరిస్తే గోడ మొత్తం జారుతుంది. రాతిలో మెట్లు కొట్టాలి, లేదా డ్రిల్ చేసి డోవెల్ రాడ్లు (గోడ జారకుండా బండలో దింపే ఇనుప కడ్డీలు) దింపాలి. 3 మీటర్లు దాటినా, పైన ఇల్లున్నా జియోటెక్నికల్ (మట్టి, పునాదుల) ఇంజనీరు డిజైన్ లేకుండా మొదలుపెట్టకండి: జారే పొర గోడ పునాది కిందుగా పోతే గోడతో సహా వాలు దిగుతుంది.

ఇక పైన ఆనుకుని ఉన్న గుండ్లు. వాటి అడుగున మొరం తీసేస్తే దొర్లుతాయి, దానికి గేబియన్ అడ్డు కాదు. గుండును పగలగొట్టి తీసేయడమో, బండకు యాంకర్ చేయడమో (కడ్డీలతో బిగించడమో) కోత మొదలుపెట్టక ముందే జరగాలి.