కొత్త థ్రస్టర్ (ఉపగ్రహాన్ని కక్ష్యలో కదిలించే చిన్న ఇంజిన్) పరీక్షకు సొంత క్యూబ్‌శాట్టా, పోయెమ్ వేదికా?

ఖర్చు, శ్రమ: సొంత క్యూబ్‌శాట్ (చిన్న ఉపగ్రహం) అంటే సౌరఫలకాలు, దిశానియంత్రణ, నేలపై సంకేతాలు అందుకునే కేంద్రం అన్నీ మనమే సమకూర్చుకోవాలి, పీఎస్‌ఎల్‌వీ రాకెట్ చివరిదైన నాలుగో దశను ప్రయోగవేదికగా మలచిన ఇస్రో వారి పోయెమ్‌లో విద్యుత్తు, నియంత్రణ, సమాచార ప్రసారం సిద్ధంగా దొరుకుతాయి.

నష్టభయం: క్యూబ్‌శాట్‌లో బ్యాటరీ చెడినా థ్రస్టర్ పరీక్ష వృథా అవుతుంది. పోయెమ్‌లో ఆ భయం తక్కువే గానీ, పక్కనున్న ఇతరుల పరికరాలకు మన ఇంధనం వల్ల హాని ఉండదని ముందే నిరూపించాలి.

ఫలితం: అసలు తేడా ఇక్కడే. బెంగళూరుకు చెందిన బెల్లాట్రిక్స్ తన ‘రుద్ర’ థ్రస్టరును 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పోయెమ్‌-3పై పరీక్షించింది. ఆ వేదిక మార్చి 21నే వాతావరణంలోకి తిరిగివచ్చేసింది. పైగా అంత బరువైన దశపై చిన్న థ్రస్టరు ప్రభావాన్ని కొలవడం కష్టం. చిన్న ఉపగ్రహంలోనైతే కక్ష్య మార్పే సాక్ష్యం.

శూన్యంలో థ్రస్టరు మండుతుందో లేదో తేల్చుకోవడానికి పోయెమ్ చాలు. నెలల తరబడి మన్నికను, కక్ష్య మార్పును కొనుగోలుదారుకు చూపాలంటే సొంత ఉపగ్రహమే తగినది.