మిథైల్‌ఫెనిడేట్ మాత్ర, 8 నెలల రివ్యూ: పని బాగా చేస్తుంది, సాయంత్రం 5 తర్వాత మాత్రం జాగ్రత్త

ముందే చెప్పేస్తున్నా, ఇది బ్రాండు రివ్యూ కాదు, మాత్ర రివ్యూ, దాంతోపాటు అది రాసిచ్చిన క్లినిక్ రివ్యూ కూడా. నాకు 36, బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, టెస్టింగ్ ఉద్యోగం, సొంతూరు హిందూపురం. పోయిన ఏడాది నాకు ఏడీహెచ్‌డీ, అంటే ఒక పని మీద మనసు నిలవని సమస్య, అని తేల్చారు. ఈ వయసులో కొత్తగా వచ్చేది కాదంట, 12 ఏళ్లలోపే లక్షణాలు కనపడి ఉండాలంట, అందుకని డాక్టర్ మా అమ్మకి ఫోన్ చేయించాడు. "వాడా సార్, స్నానానికని పోయి చెంబు పట్టుకుని చీమల్ని చూస్తా కూచునేవాడు" అని మొదలుపెట్టి అమ్మ అరగంట చెప్పింది, ఉన్న పరువు కాస్తా స్పీకర్ ఫోన్‌లో పోయింది.

మాత్ర దొరకడమే ఒక పని. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచిపెట్టుకోవాలి, అమ్మడానికి వాళ్లకి వేరే లైసెన్సు కూడా కావాలి, అందుకే వీధి చివర మెడికల్ షాపులో అడిగితే మనల్ని ఎగాదిగా చూస్తారు. నాలుగు షాపులు తిరిగి హోసూరు రోడ్డులో పట్టుకున్నా. నెల అయిపోవడానికి వారం ముందే చూసుకోండి, మనకున్న రోగమే మర్చిపోవడం కదా.

పనితనం గురించి ఎక్కువ చెప్పను, పని చేస్తుంది. మెదడులో డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాల్ని విడుదలైన వెంటనే కణాలు వెనక్కి లాగేసుకోకుండా అడ్డుపడుతుందంట, అందుకే చేతిలో ఉన్న పని మీద మనసు నిలబడుతుందంట. ఏడాదిగా పెండింగ్‌లో ఉన్న పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ మొదటి వారంలోనే పూర్తి చేశా. ఒక్క మాట, దీని మీద ఫిల్టర్ కాఫీ తాగొద్దు, నేను దర్శిని హోటల్ దగ్గర రెండు కొట్టేసి గుండె దడదడలాడుతుంటే ఫుట్‌పాత్ మీద కూలబడ్డా.

5 ఎంజీతో మొదలుపెట్టి నెలన్నరలో పూటకి 20కి తెచ్చారు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. గొడవ అక్కడ మొదలైంది. మా పెదనాన్న కూతురి పెళ్లి, భోజనాల బాధ్యత నాది, నన్ను ఎరిగినవాళ్లెవరూ నాకు ఆ పని అప్పజెప్పరు, కానీ ఆరోజు ఏ బంతికి ఎంతమంది, పప్పు ఎంతుంది, పెరుగు ఎక్కడ తగ్గింది, అన్నీ నా నోటి చివరే, మా బాబాయి వచ్చి భుజం తట్టాడు కూడా. మధ్యాహ్నం మూడింటికి అప్పగింతలు. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల, నా చెయ్యి పట్టుకుని "అన్నా" అని ఏడుస్తోంది, చుట్టూ అందరూ ఏడుస్తున్నారు, నేనేమో బస్సు డిక్కీలో సారె సామాను ఎట్ల సర్దాలా అని లెక్కేస్తున్నా. బాధ లేదు, సంతోషమూ లేదు. వేరే రోజైతే అందరికంటే ముందు నేనే ఏడ్చేవాణ్ణి. రాత్రి మా ఆవిడ "మీకేమైందండీ, ఎవరో అద్దెకొచ్చినట్టున్నారు" అంది, నాకు మాత్రం అన్నీ సవ్యంగా జరిగాయి కదా అనే అనిపించింది.

రెండోది కోపం. మామూలు కోపం కాదు, ఒంట్లో నుంచి కరెంటు పోయినట్టు అయ్యి దాని వెనకాలే చిరాకు. పాప పెన్సిల్ చెక్కుతుంటే ఆ చప్పుడుకి గట్టిగా అరిచేశా. ఏడేళ్ల పిల్ల, ఏమీ అనకుండా షార్ప్‌నర్ తీసుకుని బాల్కనీలోకి పోయి తలుపు వేసుకుని చెక్కుకుంది. ఇప్పటికీ బాల్కనీలోనే చెక్కుతుంది, ఇక్కడే చెక్కమ్మా అన్నా వినదు.

నేనైతే సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ ఖాతాలో వేసేశా. మా ఆవిడ నమ్మలేదు. వంటింట్లో తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, పాలు, గ్యాసు రాసుకునేది, అందులో నేను అరిచిన రోజు చిన్నగా 'క' అని రాసి పక్కన టైమ్ వేసింది. నెలాఖరున చూస్తే 17 'క'లు, దాదాపు అన్నీ ఐదున్నరకీ ఏడింటికీ మధ్యలో, అందులో ఇంటి నుంచి పనిచేసిన రోజులవి తొమ్మిది. ట్రాఫిక్ మీద తోసేసే దారి కూడా పోయింది.

ఇప్పుడు క్లినిక్ సంగతి, పేరు చెప్పను. ఒక్కసారికి 1,800 తీసుకుంటారు, ఆకలి, నిద్ర, బీపీ, మూడు ప్రశ్నలు, కళ్లు ల్యాప్‌టాప్ మీదే. మనసెట్లుంది అని ఒక్కసారీ అడగలేదు. కోపం వస్తోంది సార్ అంటే వర్క్ స్ట్రెస్ అన్నాడు, అని డోసు పెంచుదామా అన్నాడు! వెయిటింగ్ హాల్లో ఏసీ మాత్రం బాగుంటుంది.

జయనగర్ వైపు ఇంకో డాక్టరమ్మ దగ్గరికి క్యాలెండర్ పేజీ చింపుకుని పోయాం. ఆమె అడిగిన మొదటి ప్రశ్న "ఏ టైముకి?" పేజీ చూసి, నేను ఒకటే అనుకున్నది రెండు సమస్యలని చెప్పింది. మాత్ర ఒంట్లో ఉన్నప్పుడు మనిషి చప్పబడిపోతే డోసు ఎక్కువైనట్టు. మాత్ర దిగిపోయేటప్పుడు చిరాకొస్తే దాన్ని రీబౌండ్ అంటారు, ఈ రకం మాత్ర నాలుగు గంటలే పనిచేస్తుంది, ఒంటిగంటకి వేసుకుంటే ఐదింటికి దిగుతుంది, లెక్క అంతే. డోసు తగ్గించి, పొద్దున ఒక్కసారే వేసుకునే నిదానంగా విడుదలయ్యే రకానికి మార్చింది. ఇవన్నీ మీరు సొంతంగా చేయకండి, నేను ఒకసారి ఆదివారం మానేసి చూశా, రోజంతా మంచం మీద దొర్లి సాయంత్రం గ్యాసు స్టవ్ ఆపడం మర్చిపోయా.

మాత్రకి 5కి మూడున్నర, సగం మార్కు పెళ్లి కోసం కోసేశా. మొదటి క్లినిక్‌కి ఒకటి, అదీ ఏసీకి. పని వేగం 20 ఎంజీ రోజుల్లో ఉన్నంత లేదు, మధ్యాహ్నం మీటింగుల్లో కిటికీలోంచి చూస్తుంటా, కానీ పోయిన వారం చెల్లెలు ఫోన్‌లో మాట్లాడుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి, అదీ పగలు పదకొండింటికి, మాత్ర ఒంట్లో ఉండగానే. ఈ నెల క్యాలెండర్లో రెండే 'క'లు, ఒకటి హౌస్ ఓనర్ నీళ్ల మోటారు గురించి, దాన్ని మాత్ర లెక్కలో వేయొద్దని మా ఆవిడతో బేరం నడుస్తోంది.